మాస్టారు కలిపిన నారింజ

పాతరంగు మాస్టారు చచ్చినా కొత్త రంగు కలపరు. అచ్చు దుకాణంలో పదహారేళ్లుగా కంప్యూటర్ ముందు కూర్చుని బోర్డులు, కార్డులు గీస్తున్నారు. తెర పక్కన గళ్లలో ముందునుంచీ ఉన్న రంగులే ఆయనకు రంగులు. ఒక రంగులోంచి మరో రంగులోకి జారే గ్రేడియంట్ కావాలంటే, ఆ గళ్లలోంచే ఒకదాన్ని పట్టుకుని, నిద్రపోతున్న పసిబిడ్డను పడుకోబెట్టినంత మెల్లగా లాక్కొచ్చి వదులుతారు.

ఈ పట్టుదలతో దుకాణం యజమానురాలికి తల ప్రాణం తోకకు వచ్చేది. ఒకసారి పళ్ల డాక్టరు బోర్డుకు మాంసం కొట్టు ఎరుపు వేసేశారు. డాక్టరు మండిపడితే, జనానికి అలవాటైన ఎరుపే కదా అని నచ్చజెప్పబోయారు. కొత్తది కలిపితే ఏం పోయిందని ఆవిడ నిలదీసింది.

"లేనిదాన్ని ఉందనడం నాకు చేతకాదమ్మా," అన్నారు.

ఒకరోజు మధ్యాహ్నం ఒక బస్సు డ్రైవరు వచ్చాడు. ముందురోజే భార్య పోయింది. మర్నాడు పొద్దున అంత్యక్రియల్లో పంచడానికి కార్డులు కావాలి. ఉన్నది ఒక్కటే ఫోటో, అదీ ఒక మూల మడతపడి, ఎండకు వెలిసి బూడిదరంగుకు తిరిగింది. ఆమె ఎప్పుడూ కప్పుకునే, ఆ ఫోటోలోనూ కప్పుకున్న శాలువా రంగే కార్డు మీద ఫోటో వెనక రావాలన్నాడు. ఆ శాలువా ఆసుపత్రిలో ఎక్కడో పోయింది. ఏ రంగని మాస్టారు అడిగారు.

డ్రైవరు ఫోటోను అటూ ఇటూ తిప్పి చూశాడు.

"పద్దెనిమిదేళ్లు చూశానండీ. గుర్తు రావట్లేదు. నేనేం మొగుణ్ణండీ?"

యజమానురాలు మాస్టారు వైపు తిరిగింది. ఏదో ఒక నీలం వేసి పంపేయమని సైగ చేసింది. మాస్టారు చూడనట్టే ఊరుకుని, భార్య బస్సు కోసం నిలబడితే దూరం నుంచి కనబడేదా అని అడిగారు. పొగమంచులో కూడా మలుపు దగ్గరికి రాగానే కనబడేదని చెప్పాడు డ్రైవరు.

మాస్టారు ఫోటోను తెరమీద పెద్దది చేసి చాలాసేపు కళ్లతో తడిమారు. వెనక నిలబడ్డ యజమానురాలికి అంతా బూడిదే కనిపించింది. అంతలో ఆయన చెయ్యి పక్కకు జరిగింది. ఒక ఖాళీ గడిలో కాస్త పసుపు పెంచారు, కాస్త ఎరుపు కలిపారు. ఆయన రంగు కలపడం ఆవిడ అంతకుముందెప్పుడూ చూడలేదు.

"దొరికింది బాబూ. ఫోటో మూల మడత లోపల శాలువాకు ఎండ తగల్లేదు. నారింజ," అన్నారు మాస్టారు.

డ్రైవరు తెర దగ్గరికి వంగాడు. కన్నీళ్లు కారుతుండగానే మొహం విచ్చుకుంది.

"ఇదేనండీ. నేనే కొన్నాను. మరీ కొట్టొచ్చినట్టుందని నన్ను తిట్టింది కూడా."

కార్డులు పట్టుకుని అతను వెళ్లాక, మడతలో ఏ రంగూ లేదని తాను చూశానంది యజమానురాలు.

మాస్టారు తెరమీంచి కళ్లు తిప్పలేదు.

"ఆ గడి మాత్రం చెరపకమ్మా. ఇప్పుడది పాత రంగే."