ట్రాక్టర్ డ్రైవరుకి నేను రాసిచ్చిన సర్టిఫికెట్

నేను డాక్టరుగా మొదట చేరింది ప్రత్తిపాడుకు ఆవల, నల్లరేగడి పొలాల మధ్య ఉన్న ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో. ఎనభైల మొదటి సగం. మాది పొన్నూరు. వరి తప్ప మరో పంటను దగ్గరగా చూసి ఎరగను. చేరిన మూడు నెలల్లో నేను నేర్చుకున్నది ఒకటే, గవర్నమెంటు డాక్టరు దగ్గరికి వచ్చేవాళ్లలో సగం మంది ఏదో ఒకటి దాస్తారని. కొట్లాటలో తగిలిన దెబ్బను గేదె పొడిచిందనేవాళ్లు, ఒంట్లో జ్వరం లేకుండా జ్వరమని రాసిమ్మనేవాళ్లు. దాంతో ఎవరేం చెప్పినా ముందు నమ్మకపోవడం అలవాటైంది. అదే తెలివి అనుకున్నాను.

ఆ రోజు మధ్యాహ్నం మూడింటికి ఒక కానిస్టేబులు, వెనక పదిహేను మంది జనం, ఒక నలభై ఏళ్ల మనిషిని రెక్కలు పట్టుకుని తీసుకొచ్చారు. ఊళ్లో ఒక మోతుబరి దగ్గర ట్రాక్టర్ నడిపే మనిషి. నీళ్ల డ్రమ్ములు వేసుకుని పొలానికి వెళ్తూ, కల్వర్టు దగ్గర సైకిలు మీద వస్తున్న పాలాయన్ని గుద్దేశాడు. ట్రాక్టర్ పక్కనున్న గోతిలోకి దిగబడింది. పాలాయన కాలు విరిగితే అప్పటికే జీపులో గుంటూరు పంపించారట.

"తాగి నడిపాడు మేడం. సర్టిఫికెట్ రాసిస్తే తీసుకెళ్తాను," అన్నాడు కానిస్టేబులు.

అతను నడుపుతుండగా నువ్వు చూశావా అని అడిగాను. లేదట, గుద్దిన తర్వాతే వచ్చాడట. వాసన చూస్తే తెలియడంలా అన్నాడు. నిజమే, వాసన ఉంది. సారా వాసన, దానితో కలిసి కిరసనాయిలు లాంటి ఘాటు. ఆ మనిషి ఒళ్లంతా చెమటలు. నోట్లోంచి చొంగ కారుతోంది. నడవమంటే రెండడుగులు వేసి గోడ పట్టుకున్నాడు. టార్చి వేసి కళ్లు చూశాను. కనుపాపలు గుండుసూది తలకాయంత ఉన్నాయి. చూసింది చూసినట్టు ఓపీ రిజిస్టరులో రాసుకున్నాను.

"ఏం చేశావు పొద్దున్నుంచి?" అని అడిగాను.

నాలుక తిరగడం లేదు అతనికి. "మందు కొట్టానమ్మా," అన్నాడు.

జనంలో ఎవరో నవ్వారు. కానిస్టేబులు నా వంక చూసి, "వాడే ఒప్పుకున్నాడుగా మేడం," అన్నాడు. నేను ఇంకేమీ అడగలేదు. మద్యం మత్తులో ఉన్నాడని, ఒళ్లు తన స్వాధీనంలో లేదని, తాగినట్టు స్వయంగా చెప్పాడని రాసి సంతకం పెట్టాను. ఊపిరి ఊదించి చూసే మిషన్లు అప్పటికి మా దాకా రాలేదు. రక్తం తీసి గుంటూరు పంపవచ్చు గానీ, ఇంత స్పష్టంగా ఉన్నదానికి అదెందుకని అనిపించింది.

సాయంత్రం ఐదింటికి ఇద్దరు కూలీలను ఎడ్లబండి మీద తెచ్చారు. వాంతులు, చెమటలు, చొంగ, గుండుసూది తలకాయంత కనుపాపలు. పత్తికి పురుగుమందు కొడుతూ పడిపోయారని బండి తోలినాయన చెప్పాడు. వెంటనే విరుగుడుగా అట్రోపిన్ ఇంజెక్షన్లు ఇచ్చాను. ఎవరి పొలమని అడిగితే, కాంపౌండరు ఆ మోతుబరి పేరే చెప్పాడు.

మధ్యాహ్నం చూసిన డ్రైవరు కనుపాపలు గుర్తొచ్చాయి. ఆ డ్రైవరు ఎక్కడున్నాడో కనుక్కోమని కాంపౌండరును స్టేషనుకు పంపాను. అతన్ని గుంటూరు తీసుకెళ్లారని, కాస్త తేరుకున్నాడని కబురొచ్చింది. నా కాగితం అప్పటికే కేసులో చేరిపోయింది. చేరి మూడు నెలలే అయింది, రాసింది మారుస్తానంటే ఏమనుకుంటారోనని భయపడ్డాను. అయినా సారా వాసన వచ్చిన మాట నిజమే కదా అని నాకు నేను చెప్పుకున్నాను.

మర్నాడు మోతుబరి వచ్చాడు. చేతిలో ఒక బుట్టెడు దోసకాయలు. "ఉన్నది ఉన్నట్టు రాశారు డాక్టరమ్మగారూ. ఇట్టాంటోళ్లకి బుద్ధి రావాల," అన్నాడు. తన డ్రైవరు మీద కేసు పడితే యజమాని అంత కుదుటపడటమేమిటో నాకు అర్థం కాలేదు. దోసకాయలు వెనక్కి పంపాను. ఆ రోజు నుంచి ఆయన నమస్కారం కూడా నాకు అనుమానంగానే ఉండేది.

ఆరేడు నెలలకు ఒక వకీలు మా ఆసుపత్రికి వచ్చాడు. ముసలాయన, నల్లకోటు వెలిసి బూడిదరంగుకు తిరిగింది. డ్రైవరు వెళ్లే చర్చి పాస్టరుగారు మాట్లాడి పెట్టించారట. ఆ తేదీ ఓపీ రిజిస్టరు ఒకసారి చూడనిస్తారా అని అడిగాడు. నాచేత మాట మార్పించడానికి వచ్చాడనుకుని, కుదరదని చెప్పాను.

ఆయనకు కోపం రాలేదు. "మా వాడు తాగలేదని నేను రుజువు చేయక్కర్లేదమ్మా. తాగాడని వాళ్లు చేయాలి. అదీ ఊరికే తాగడం కాదు, బండి అదుపు తప్పేంతగా తాగాడని, ఆ తాగుడు వల్లే తప్పిందని. నాకు అనుమానం చాలు. వాళ్లకు చాలదు," అన్నాడు. రిజిస్టరు కోర్టు ద్వారానే తెప్పించుకుంటానని చెప్పి, గొడుగు తీసుకుని బస్సుకు వెళ్లిపోయాడు.

ఆయన వెళ్లాక రిజిస్టరు నేనే తీశాను. ఒకే పేజీలో పైన డ్రైవరు, నాలుగు వరసల కింద ఆ ఇద్దరు కూలీలు. మూడు చోట్లా కనుపాపల గురించి నా దస్తూరీతో ఒకే మాట.

గుంటూరు కోర్టులో నా పేరు పిలిచేసరికి పన్నెండు దాటింది. వరండాలో ప్రభుత్వం తరఫు వకీలు నన్ను పక్కకు పిలిచి, సర్టిఫికెట్లో ఉన్నది చదివి ఊరుకోండి, అంతకు మించి మాట్లాడొద్దని హెచ్చరించాడు. డ్రైవరు తెల్లచొక్కా వేసుకుని బోనులో నిలబడి ఉన్నాడు. బాగా చిక్కిపోయాడు. నా వంక చూడలేదు.

ముసలి వకీలు లేచి మొదట కనుపాపల గురించి అడిగాడు. చిన్నవిగా ఉన్నాయని చెప్పాను. తాగినవాడికి మామూలుగా ఎలా ఉంటాయన్నాడు. స్పృహ తప్పే స్థితికి వెళితే తప్ప, సాధారణంగా పెద్దవవుతాయన్నాను. ఇతనికి స్పృహ ఉందా? ఉంది. వాసన నోటి నుంచి వచ్చిందా, చొక్కా నుంచా? చెప్పలేనన్నాను. అప్పుడు రిజిస్టరు నా చేతికిచ్చి ఆ పేజీ చదివించాడు. నా గొంతు నాకే వినబడనంత మెల్లగా చదివాను. మేజిస్ట్రేటు గట్టిగా చదవమన్నారు.

"మందు కొట్టానన్నాడని రాశారు. ఏ మందు అని అడిగారా?" అన్నాడు వకీలు.

"అడగలేదు."

"పత్తి చేల రోజుల్లో, ఆ ఊళ్లో, పొద్దున్నుంచి మందు కొట్టానంటే మామూలుగా అర్థమేమిటి డాక్టరుగారూ?"

ప్రభుత్వం తరఫు వకీలు అభ్యంతరం చెప్పాడు. మేజిస్ట్రేటు నా వంక చూశారు. సర్టిఫికెట్ చదివి ఊరుకోమన్న మాట గుర్తుంది. అయినా చెప్పాను. పురుగుమందు కొట్టాననే అతని ఉద్దేశం అయి ఉండవచ్చని, ఆ లక్షణాలు మద్యం కన్నా పురుగుమందుకే ఎక్కువ సరిపోతాయని, ఆ సాయంత్రమే నాకు ఆ అనుమానం వచ్చినా ఎవరికీ చెప్పలేదని. చివరి మాట ఎవరూ అడగలేదు.

కొన్ని వాయిదాల తర్వాత సంశయ లాభం కింద అతన్ని విడుదల చేశారు. పొద్దున కూలీ ఒకడు రాకపోతే మోతుబరే డ్రైవరు వీపున స్ప్రేయరు కట్టించి ఎండలో మందు కొట్టించాడని, కళ్లు తిరుగుతున్నాయన్నా వినకుండా నీళ్లకు ట్రాక్టరెక్కించాడని విచారణలో బయటపడింది. ఆయన సంతోషం అప్పుడు అర్థమైంది. ఆయన మీద మాత్రం ఏ కేసూ లేదు.

తీర్పు వచ్చిన నెలకు డ్రైవరు భార్యకు జ్వరమని తీసుకొచ్చాడు. ట్రాక్టర్ పని పోయింది, మిరపకోతలకు వెళ్తున్నాడు. మందులు రాసిచ్చి, ఆమె బయటికి వెళ్లాక ఉండబట్టలేక అడిగాను. "కేసు అయిపోయిందిగా. నిజం చెప్పు, ఆ రోజు తాగావా?"

"అప్పుడడిగితే అప్పుడే చెప్పేవోణ్ణమ్మా. ఆ మందు కంపుకి కడుపులో తిప్పుద్ది. పొద్దున్నే ఒక గుక్కేసుకున్నా. అందరం అంతే."

ఒక గుక్క. అది కోర్టుకు తెలిస్తే ఏమయ్యేదో ఇప్పటికీ చెప్పలేను. అతను నిజం చెప్పాడా, ఒకటే గుక్కా, అదీ తెలియదు. అతను వెళ్లాక కుర్చీలో కూర్చుని, అతని మాట మీద కూడా నాకు అనుమానం వస్తున్నందుకు సిగ్గుపడ్డాను.

పాలాయన ఆ వేసవిలో వచ్చాడు. కాలు అతికింది గానీ కాస్త పొట్టిదైంది, సైకిలు తొక్కలేడు. కాలు చూపించుకోవడానికి కాదు, నన్ను చూడటానికే వచ్చాడు. చర్చివాళ్లు డాక్టరమ్మను కొనేశారని ఊళ్లో అనుకుంటున్నారని నా మొహం మీదే చెప్పాడు. జరిగింది మొదటి నుంచీ వివరించాను. పురుగుమందు సంగతి, కనుపాపల సంగతి, మోతుబరి సంగతి. ఓపిగ్గానే విన్నాడు.

"అయితే నా కాలు ఎవరు ఇరిచినట్టమ్మా?" అన్నాడు.

మోతుబరి మీద సివిలు కోర్టులో దావా వేయవచ్చని, ఆ ముసలి వకీలు చిరునామా ఇస్తానని చెప్పాను. ఆ వకీలేగా వాణ్ణి వదిలించింది, ఆయన నాకేం చేస్తాడు అన్నాడు. చిరునామా రాసిన కాగితం తీసుకోలేదు. కర్ర ఆనించుకుంటూ మెట్లు దిగి వెళ్లిపోయాడు.