ఆరు నిమిషాలు ఆగిన బండి

2022 ఎండాకాలంలో మా ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో డీజిల్ దొంగను పట్టుకున్న కథ నేను చాలా చోట్ల చెప్పాను. వేరే కంపెనీల వాళ్లు తమ స్టాఫ్‌కు నాలుగు మాటలు చెప్పమని పిలిస్తే మొదట ఆ కథే ఎత్తుకునేవాణ్ణి. అప్పుడు విన్నవాళ్లలో కొందరైనా ఇది చదువుతారు. ఆ కథలో దొంగ లేడు. తప్పు చేసింది నేను. అసలు జరిగింది వరసగా చెబుతాను.

సికింద్రాబాద్ రాంగోపాల్‌పేట్‌లో మా ఆఫీసు. కింద పైపుల దుకాణం, పైన మేము. పెద్ద బండ్లు పగలు ఊళ్లోకి రాకూడదు కనుక బొల్లారం దాటాక ఉన్న యార్డులో ఆగుతాయి. నేను ట్రాఫిక్ ఇన్‌చార్జ్‌ని. రోడ్డు మీది ట్రాఫిక్‌తో దీనికి సంబంధం లేదు. ఏ లోడ్ ఏ బండికి ఎక్కాలి, ఏ డ్రైవర్ వెళ్లాలి, ఎప్పటికి చేరాలి అన్నది చూసే మనిషిని ఈ వ్యాపారంలో అలా అంటారు. ఇరవై ఆరేళ్లుగా ఇదే పని. ఈ పని నాకు బాగా వచ్చు. ఆ నమ్మకమే ఈ కేసులో నా కళ్లు మూసింది.

మా ఆఫీసులో గోడకు ఒక పెద్ద స్క్రీన్ ఉంటుంది. ప్రతి లారీ అందులో ఒక చుక్క. నడుస్తుంటే పచ్చగా, ఇంజన్ ఆపితే ఎర్రగా కనిపిస్తుంది. ఎరుపు ఐదు నిమిషాలు దాటితే స్టాపేజ్ అలర్ట్ మోగుతుంది, అంటే బండి చెప్పాపెట్టకుండా ఆగిందని హెచ్చరిక. వెంటనే డ్రైవర్‌కు ఫోన్ చేసి కారణం అడగాలి. ఆ ఫోన్లు డెస్క్‌లో పనిచేసే సునీత చేసేది. పాతికేళ్లు నిండని అమ్మాయి, చురుకైనది. ఫోను స్పీకర్‌లో పెట్టే మాట్లాడాలి. డ్రైవర్ చెప్పింది నలుగురు వింటే రేపు కాదనడానికి ఉండదని ఆ నియమం నేనే పెట్టాను.

యాదగిరిది నా ఈడే. అప్పటికి నలభై ఏడు. మా దగ్గర తొమ్మిదేళ్లుగా ఉన్నాడు. మందుల లోడ్లు ఢిల్లీకి తీసుకెళ్లేవాడు. మందుల కంపెనీలు ట్రాన్సిట్ టైమ్ విషయంలో గట్టిగా ఉంటాయి. లోడ్ ఎక్కించిన దగ్గర నుంచి దింపేదాకా ఇచ్చే గడువు అది. పూర్వం ఢిల్లీ బండికి ఇద్దరు డ్రైవర్లు ఉండేవాళ్లు. ఒకరు నడుపుతుంటే ఇంకొకరు పడుకునేవారు. డ్రైవర్లు దొరకడం కష్టమయ్యాక ఒక్కరినే పంపసాగాం. గడువు మాత్రం ఇద్దరున్నప్పటిదే ఉంచాం. క్యాబిన్‌లో ఏసీ లేదు. ఇంజన్ వేడి కాళ్ల కింద నుంచి కొడుతూనే ఉంటుంది. ఇవన్నీ నాకు తెలియనివి కావు. తెలిసినా రోజూ చూసేవి కావడంతో పట్టించుకోవడం మానేశాను.

ఆ మే నెలలో యాదగిరి బండి గంటకోసారి ఆగడం మొదలైంది. ప్రతిసారీ ఆరు నిమిషాలో ఏడు నిమిషాలో. ఆగిన చోట దాబా ఉండదు, బంకు ఉండదు, ఊరు ఉండదు. మా వృత్తిలో ఎవరినైనా అడగండి, ఆరేడు నిమిషాలంటే ట్యాంకులోంచి పైపు వేసి ఒక క్యాను నింపే సమయం.

"ఎందుకు ఆగినవ్ యాదన్నా?" అని సునీత అడిగింది.

"టైర్లు చూస్తున్న మేడం."

గంట తర్వాత మళ్లీ అడిగితే, "వెనక తలుపు సీలు చూస్తున్న మేడం" అన్నాడు. మూడోసారి అద్దం తుడుస్తున్నానన్నాడు.

"తుడిచి తుడిచి అరగదీస్తవేమో అన్నా" అంది సునీత. ఆఫీసులో అందరూ నవ్వారు.

"అరగవు మేడం, కంపెనీ అద్దాలు" అని అతనూ నవ్వాడు.

ప్రతి జవాబునూ టైముతో సహా రాసి పెట్టాను. తర్వాత ఫ్యూయల్ సెన్సర్ రిపోర్టు తీశాను. డీజిల్ ట్యాంకులో ఒక రాడ్ ఉంటుంది. డీజిల్ ఎంత ఎత్తున ఉందో అది కొలిచి పంపుతుంది. యాదగిరి ఆగిన ప్రతిచోటా ఏడెనిమిది లీటర్లు పడిపోయినట్టు రిపోర్టులో ఉంది. డీజిల్ నిజంగా పోతే మైలేజీ పడిపోవాలి, అది మాత్రం బాగుంది. నాకు అక్కడైనా అనుమానం రావాలి. రాలేదు. పొదుపుగా నడిపి మిగిల్చింది అమ్ముకుంటున్నాడు అనుకున్నాను. అలా చేసేవాళ్లను ఇదివరకు చూసి ఉన్నాను.

నేనే ఫోన్ చేశాను. "యాదగిరీ, ఎన్ని లీటర్లు అమ్మావు?"

"ఏంది సార్ గట్లంటరు."

"స్క్రీన్ మీద కనిపిస్తోంది. ఇంకోసారి ఊరూ పేరూ లేని చోట బండి ఆగితే నిన్ను దింపేస్తాను."

"ఇగ ఆగ సార్" అన్నాడు.

తర్వాతి ట్రిప్పులో నిజంగానే ఆగలేదు. తిండికి, నిద్రకు తప్ప చుక్క ఎర్రబడలేదు. డీజిల్ కూడా ఎక్కడా పడలేదు. ఆ రెండు ట్రిప్పుల ప్రింట్లూ తీసి మా ఓనర్ ముందు పక్కపక్కన పెట్టాను. "చూడండి సార్. పట్టుబడ్డాక ఆగడం మానేశాడు, డీజిల్ పడటం మానేసింది. ఇంతకంటే ఏం కావాలి?" అన్నాను. ఓనర్ నా భుజం తట్టాడు.

యాదగిరిని ఆ వారమే తీసేశాం. సికింద్రాబాద్‌లో లాంగ్ రూట్ బండ్లు నడిపే యజమానులు, ఇన్‌చార్జ్‌లు అందరూ ఉండే వాట్సాప్ గ్రూపు ఒకటుంది. అందులో అతని లైసెన్సు ఫొటో పెట్టి కింద రాశాను: "డీజిల్ కేసు. బండి ఇవ్వకండి." ఆ గ్రూపులో ఫొటో పడిన మనిషికి ఈ చుట్టుపక్కల ఎవరూ స్టీరింగ్ అప్పగించరు.

జూన్‌లో ఒకరోజు సునీత నా టేబుల్ దగ్గరికి వచ్చింది. "సార్, యాదన్న బండికి డ్రైవర్ మారిండు గదా. డీజిల్ ఇంకా పడుతుంది."

ఈసారి రిపోర్టు కాకుండా సెన్సర్ పంపిన అసలు లెక్క మొత్తం తెరిచి చూశాను. డీజిల్ ఏడు లీటర్లు పడింది. బండి కదిలిన రెండు నిమిషాలకు ఆ ఏడు లీటర్లూ తిరిగి వచ్చాయి. అమ్ముకున్న డీజిల్ తిరిగి రాదు. సెన్సర్ రాడ్‌ను ట్యాంకులో ఒక అంచుకు దగ్గరగా బిగించారు. బండిని తారు రోడ్డు దింపి, పక్కన మట్టి వాలులో ఆపితే ట్యాంకు ఒరిగి డీజిల్ అవతలి అంచుకు చేరుతుంది. రాడ్ దగ్గర తగ్గినట్టు చూపిస్తుంది. బండి రోడ్డెక్కగానే సరిపోతుంది. మరి రిపోర్టులో ఆ పెరగడం ఎందుకు లేదు? ముప్పై లీటర్లలోపు పెరిగితే చూపించవద్దని ఆ రిపోర్టు తయారుచేయించినప్పుడు నేనే చెప్పాను. బంకులో ఎవరూ అంత తక్కువ కొట్టించరు, చిన్నవన్నీ వస్తే కాగితం నిండిపోతుందని. తగ్గింది మాత్రమే కనిపించేలా చేసి, తగ్గిందని ఒక మనిషిని దొంగను చేశాను.

ఆ రోజే చెప్పాల్సింది. చెప్పలేదు. మెకానిక్‌ను పిలిచి రాడ్‌ను ట్యాంకు మధ్యకు మార్పించాను. "చూద్దాం లే" అని సునీతను పంపేశాను. మరి అన్నిసార్లు ఎందుకు ఆగాడు, గద్దించగానే ఎందుకు మానేశాడు అని నన్ను నేను అడుగుతూ కూర్చున్నాను. జవాబు తెలుసుకోవాలని కాదు. ఆ ప్రశ్న ఉన్నంతకాలం నేను నోరు మూసుకుని ఉండవచ్చు, అందుకు. ఈలోపు ఆ కథను ఇంకో రెండు చోట్ల చెప్పి చప్పట్లు కూడా కొట్టించుకున్నాను.

మరుసటి ఫిబ్రవరిలో ఒక ఉదయం యాదగిరి ఆఫీసుకు వచ్చాడు. ముందు గుర్తుపట్టలేదు. మనిషి సగమయ్యాడు. చొక్కా వేరేవాళ్లది తొడుక్కున్నట్టు వేలాడుతోంది.

"దండం సార్. ఒక కాగితం కావాలె. నామీద కేసు గిట్ల ఏం లేదని. ఈడనే ఊర్ల తిరిగే పాల బండి, దినం డ్యూటీ. తీసుకుంటమన్నరు. మళ్ల మీ గ్రూపుల ఫొటో చూసి పరేషాన్ అయిండ్రు."

నేను పనిలో ఉన్నట్టు నటించి బెంచీ మీద కూర్చోమన్నాను. కాసేపటికి లేచి, బాత్రూం ఎటని అడిగాడు. మా బాత్రూంకు తాళం ఉంటుంది, డ్రైవర్లు వీధి చివర ఉన్నదానికి వెళ్లాలి. అలవాటుగా అటు చూపించాను. వెళ్లి వచ్చాడు. ముప్పావు గంట తిరగక ముందే మళ్లీ లేచాడు. ఈసారి సునీత నావైపు చూడకుండా సొరుగు తెరిచి తాళం చెవి అతని చేతిలో పెట్టింది.

వచ్చి కూర్చున్నాక అడిగాను. "ఒంట్లో బాగాలేదా?"

"షుగర్ సార్. గిప్పుడు జెర నయం, గోలీలు ఏసుకుంటున్న."

"ఎప్పటి నుంచి?"

"గా ఎండాకాలంలనే షురూ అయినట్టుంది. నాకు తెల్వది. ఒకటే దూప. ఎంత తాగినా దూప తీరకపోతుండె. తాగితే గంటకోపారి దిగుడు. ఎండలకు గిట్లయితుంది అనుకున్న."

సునీత అంది, "నాకు చెప్తే ఏమైతుండె అన్నా?"

"ఏమని చెప్పాలె బిడ్డా? స్పీకర్ల వెట్టి అడుగుతివి. ఎనకనించి అందరి నవ్వులు ఇనవడుతున్నయ్. ఒంటికి దిగిన అని ఆడపిల్లకు ఎట్ల చెప్త?"

"నేను ఫోన్ చేశాను కదా. నాకైనా చెప్పొచ్చు కదా" అన్నాను.

"ఎందుకు ఆగినవ్ అని మీరు అడగలె సార్. ఎన్ని లీటర్లు అమ్మినవ్ అని అడిగిర్రు."

తర్వాతి ట్రిప్పు ఆగకుండా ఎలా నడిపావని అడిగాను.

"నీళ్లు బంద్ చేసిన. నాగ్‌పూర్ దాంక పెదాలు తడుపుకుంటనే వోయిన. మూడో దినం కండ్లు మసకలొచ్చినయ్. ముందు పోయే బండి ఒకటి రెండు లెక్క కనవడవట్టె. ఆగితే మీరు బండి దించుతనంటిరి. అట్లనే నడిపిన."

నేను ఓనర్ ముందు పెట్టి చూపించింది ఆ ట్రిప్పు ప్రింటే. మా స్క్రీన్ మీద అంత శుభ్రమైన ట్రిప్పు ఆ ఏడాదిలో మరొకటి లేదు. కళ్లు సరిగ్గా కనబడని మనిషి, నిండు లోడుతో, మే నెల ఎండలో ఐదారు రాష్ట్రాలు దాటాడు. దారిలో ఏమీ జరగకపోవడం అతని అనుభవం, నా అదృష్టం. పని పోయిన పది రోజులకు ఇంట్లో పడిపోయాడట. షుగర్ నాలుగు వందలు దాటిందని, కిడ్నీలకు ఇన్‌ఫెక్షన్ సోకిందని ఆస్పత్రిలో చెప్పారట. కోలుకోవడానికి నెలలు పట్టింది.

"తక్లీఫ్ సంగతి ఇడిసిపెట్టు సార్. నా పెండ్లాం సుత ఒక్కపారి అడిగింది. నిజంగనే అమ్మినవా అని."

అప్పుడు చెప్పాను. సెన్సర్ సంగతి, ముప్పై లీటర్ల సంగతి. జూన్‌లోనే నాకు తెలిసిపోయిన సంగతి కూడా.

"జూన్ల తెలిసిందా?"

"తెలిసింది."

"గిది ఫిబ్రవరి సార్" అన్నాడు. తిట్టలేదు.

ఓనర్ తన గదిలోంచి వచ్చి అంతా విని నన్ను పక్కకు పిలిచాడు. "కాగితం ఇచ్చి పంపు. గ్రూపుల పెట్టకు. రేపటి సంది ఏ డ్రైవర్‌ను అడిగినా నీ సెన్సరే తప్పు అంటడు."

"సెన్సర్ తప్పు కాదు సార్, నేను తప్పు. పెడతాను" అన్నాను. మళ్లీ వద్దంటే పని మానేసి అయినా పెట్టేవాణ్ణే. ఆయన గదిలోకి వెళ్లి తలుపు వేసుకున్నాడు. అది ఒప్పుకోవడమని తీసుకున్నాను.

గ్రూపులో రాయబోతుంటే యాదగిరి ఆపాడు. "రాస్తే ఎవలు చదువుతరు సార్. నోటితోని చెప్పుండ్రి. దాబాలకాడ డ్రైవర్లు సుత ఇంటరు."

ఫోను నోటి దగ్గర పెట్టుకుని మాట్లాడాను. సాంకేతిక కారణాల వల్ల ఫలానా బండి రిపోర్టులో పొరపాటు దొర్లిందని, పాత సమాచారాన్ని సవరించుకోవాలని చెప్పాను. పంపేముందు అతనికి వినిపించాను.

"టేసన్ల మైకు చెప్పినట్టుంది సార్. రైలు లేటని చెప్తరు, ఎవని వల్ల లేటో చెప్పరు."

సునీత నవ్వు ఆపుకుంది. నేను అది చెరిపేసి మళ్లీ మొదలుపెట్టాను. ముందు నా పేరు, ఊరు, ఉద్యోగం చెప్పాను. యాదగిరి గారు మా బండిలోంచి ఒక్క లీటరు కూడా అమ్మలేదని, రిపోర్టు తప్పుగా చదివింది నేనని, జూన్‌లోనే తెలిసి కూడా దాచానని చెప్పాను. షుగర్ వల్ల ఆగాడని చెప్పనా అని అడిగాను. "చెప్పుండ్రి. చానమందికి ఉంటది, తెల్వక తిరుగుతుంటరు" అన్నాడు. అదీ చెప్పాను. పంపాక ఆ మాటలు తన ఫోనుకు కూడా వేయమన్నాడు. ఇంట్లో వినిపించడానికట.

ఇది జరిగాక మా ఆఫీసులో కొన్ని మార్చాను. పెరిగినా తగ్గినా రిపోర్టులో రెండూ వస్తాయి. పావుగంట లోపు ఆగితే ఫోన్ చేయం. స్పీకర్ తీసేశాం. డ్రైవర్లకు ఏటా రెండుసార్లు షుగర్, బీపీ, కళ్లు చూపిస్తున్నాం. మొదటిసారి చూపించినప్పుడే ఇంకో ముగ్గురికి షుగర్ బయటపడింది. ఢిల్లీ బండికి మళ్లీ ఇద్దరిని పెట్టడానికి ఓనర్‌తో ఏడాది పోరాడాల్సి వచ్చింది. బాత్రూం తాళం తీయించడానికి ఒక్క నిమిషం పట్టింది. అంతకుముందు అన్నేళ్లలో ఆ నిమిషం నాకు దొరకలేదు.

యాదగిరి పాల బండి పనిలో చేరాడు. కుదుటపడ్డాక మా దగ్గరికి తిరిగి రమ్మని అడిగాను. "వద్దు సార్. ఈడ ఎన్నిసార్లు ఆగినా ఎవ్వలు అడగరు" అన్నాడు. అతను చెప్పింది న్యాయమే.

ట్రాకింగ్ మీద నాకిప్పటికీ నమ్మకం ఉంది. బండి ఎక్కడ ఆగిందో అది తప్పకుండా చెబుతుంది. ఎందుకు ఆగిందో మనిషే చెప్పాలి, ఆ మనిషి సిగ్గుపడకుండా, భయపడకుండా చెప్పగలిగేలా అడగడం నా ఉద్యోగంలో భాగం. శిక్షణకు ఇప్పటికీ పిలుస్తారు, ఇప్పటికీ ఈ కేసే చెబుతాను, ఇలాగే చెబుతాను. ఎవరైనా డ్రైవర్ ఆగకుండా రికార్డు టైములో వచ్చాడని డెస్క్ నుంచి గొప్పగా చెబితే, ముందు అతనికి ఫోన్ చేసి నీళ్లు తాగావా అని అడుగుతాను.