అంకెకు పలికింది, పేరుకు పలకలేదు

మా కింది వాటా పిన్నిగారు పోయారని కాలనీ గ్రూపులో మెసేజ్ వచ్చింది. నేను నమ్మలేదు. మధురానగర్‌లో ఉండే వాళ్ళమ్మాయికి ఫోన్ చేసి, ఆవిడ ఏడుపు విన్నాకే నమ్మాను. ఒక్కచోట చూసి దేన్నీ నమ్మొద్దని నాకు నేర్పింది పిన్నిగారే.

ఆవిడ ఫిల్మ్‌నగర్‌లో ఒక డబ్బింగ్ స్టూడియోలో కంప్యూటర్లు చూసుకుని రిటైరయ్యారు. కొత్తిమీర కట్ట కొంటే తాడు విప్పి లోపల చూసేవారు. తాళం వేసి, గుంజి, గేటుదాకా వెళ్ళి, వెనక్కొచ్చి మళ్ళీ గుంజేవారు. మా వీధి ఆటోవాళ్ళు ఆవిడని చూడగానే, "ఎక్కమ్మా, నువ్వు చెప్పిన దారిలనే పోతా" అని ముందే లొంగిపోయేవాళ్ళు.

నేను ఏడో తరగతితో చదువు ఆపేశాను. పెళ్ళయ్యాక తెలుగు టైపింగ్ నేర్చుకున్నాను. సినిమా ఆఫీసు నుంచి చేత్తో రాసిన డైలాగు కాగితాలు ఫోటోలుగా వస్తే టైపు చేసి పంపుతాను. మావారు ఎడిటింగ్ రూములో పనిచేస్తారు. పాత లాప్‌టాప్ ఒకటి తెచ్చి, విండోస్ బదులు ఉచితంగా దొరికే లినక్స్ వేసి ఇచ్చింది ఆయనే.

ఒకరోజు పొద్దున వైఫై గుర్తు నిండుగానే ఉంది గానీ ఒక్క పేజీ తెరుచుకోలేదు. మధ్యాహ్నం షూటింగ్‌కి కాగితాలు అందాలి. ఆఫీసు మేనేజరు, "నెట్ లేదని అందరూ చెప్పేదేనమ్మా. ఆలస్యం చేస్తూ డైలాగులు బయటివాళ్ళెవరికైనా చూపిస్తున్నావా ఏంటి?" అన్నాడు. మావారికి ఫోన్ చేస్తే, "ఏదో నొక్కి చెడగొట్టుంటావ్. చేతకానప్పుడు మానెయ్" అన్నారు. నాకంటూ ఉన్నది ఆ పనొక్కటే. పక్క వాటావాళ్ళు మా వైఫై లాగేస్తున్నారని నా అనుమానం. అదే చెప్పి పిన్నిగారిని పైకి పిలుచుకొచ్చాను.

"ముందు మిషన్లని అడుగుదాం. మనుషుల్ని తర్వాత అడగొచ్చు" అన్నారు.

"వైఫై గుర్తు నిండుగా ఉంది పిన్నిగారూ."

"లైటు వెలిగిందంటే లైటు బాగుందని. అంతే. నీ ఫోన్లో వస్తోందా?"

"ఇదే వైఫై మీద వస్తోందండీ."

"అయితే పక్కవాళ్ళని వదిలెయ్, పాపం."

లాప్‌టాప్‌లో ఆదేశాలు టైపు చేసే నల్లటి తెర ఒకటి తెరిపించి, దాని మీద నాచేత ఏదో అంకెల చిరునామా కొట్టించారు. జవాబొచ్చింది. ఒక సైటు పేరు కొట్టిస్తే రాలేదు.

"చూశావా, దారి బాగానే ఉంది. పేరు చెప్పి అడిగితే నంబరు చెప్పేవాడే పలకట్లేదు. డీఎన్‌ఎస్ అంటారు దాన్ని." ఆ చెప్పేవాడెవరో సెట్టింగుల్లో వెతికారు. కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చూశారు. "ఇది బయటి నంబరు కాదే. మీ ఇంట్లోదే. ఇంకో కంప్యూటరుందా?"

మంచం పక్కన మావారిది ఉండేది. ఆ పొద్దునే దాన్ని ఆఫీసుకి పట్టుకెళ్ళారు.

"మధ్యలో కూర్చుని పేర్లకి జవాబు చెప్పేవాడికి, నువ్వేయే సైట్లు అడిగావో అన్నీ తెలుస్తాయమ్మాయ్" అన్నారు మెల్లగా. నేను మీటల మీంచి చేతులు తీసేశాను.

ఆవిడే మావారికి ఫోన్ చేసి స్పీకర్లో పెట్టారు.

"ఏం నాయనా, మీ ఆవిడ లాప్‌టాప్ నీ పెట్టెని అడిగి అడిగి అలిసిపోయింది. ఆ నంబరు పెట్టింది నువ్వేనా?"

"యాడ్స్ రాకుండా పెట్టానండీ పిన్నిగారూ."

"మంచిదే. తనకి చెప్పి పెట్టుంటే ఇంకా మంచిది కదూ? పైగా చెడగొట్టావని తిట్టావట!"

ఆయన ఫోన్ పెట్టేశారు.

నిజంగా యాడ్స్ కోసమేనేమో. నేను మళ్ళీ అడగలేదు, ఆయన చెప్పలేదు. నేను రాస్తున్న ఇది ఆయన చదువుతారు. చదవనీ.

పిన్నిగారు ఆ నంబరు తీయించి, వైఫై రౌటరు ఇచ్చే నంబరే తీసుకునేలా పెట్టించారు. కాగితాలు వెళ్ళాయి. నేను లేవబోతే భుజం పట్టి కూర్చోబెట్టారు.

"ఈ లాప్‌టాప్ పాస్‌వర్డు ఎవరు పెట్టారు?"

"మావారేనండీ."

"మార్చు."

ఏం పెట్టాలో తోచక ఆవిడ మొహంకేసి చూశాను.

"నన్ను చూస్తావేంటే? నాకూ తెలియకూడదు" అని కుర్చీని కిటికీ వైపు తిప్పుకున్నారు. కింద జూబ్లీహిల్స్ వైపు పోయే కార్లు కనిపిస్తున్నాయి. నేను కొట్టి, చెరిపి, మళ్ళీ కొడుతున్నాను.

"అయిందా?"

"ఇంకా లేదండీ."

"తొందరేం లేదు" అన్నారు. వెనక్కి తిరగలేదు. మీటల చప్పుడు కూడా వినకూడదన్నట్టు, రెండు చేతులతో చెవులు మూసుకుని కూర్చున్నారు.