ఒగ్గీసిన మాట

విజయనగరంలో మురళీమోహన్ గారు క్రాస్ ఎగ్జామినేషన్‌కు లేచారంటే సాక్షి బోనులో ఉన్నవాడికి గొంతు తడారిపోతుందని పేరు. ముప్పై రెండేళ్ల ప్రాక్టీసు. నలగని నల్లకోటు, అంతకన్నా నలగని తెలుగు. ఆయన మాట్లాడుతుంటే ఆయనది ఏ ఊరో ఎంతటివాడూ చెప్పలేడు. శ్రీముఖలింగం పక్క పల్లెలో, వరిచేలల్లో మోకాలి లోతు బురదలో పెరిగినవాడని ఆయనగా ఎవరికీ చెప్పడు. అడిగితే "శ్రీకాకుళం జిల్లా" అని ఊరుకుంటాడు.

ఆయనకు స్నేహితులు లేరనడం మాత్రం తప్పు. రోజుకు నలుగురైదుగురు ఆయన్ని స్నేహితుడనే పిలుస్తారు. కోర్టులో అవతలి వకీలును 'మై లెర్నెడ్ ఫ్రెండ్' అనడం ఆనవాయితీ కదా, అదీ లెక్క. సాయంత్రం జడ్జి గారు బెంచి దిగగానే ఆ స్నేహాలు కూడా దిగిపోతాయి. భార్య పోయి నాలుగేళ్లయింది. పిల్లలు లేరు. రింగురోడ్డు పక్కన ఒక మెస్‌లో అన్నం తిని, ఇంటికెళ్లి టీవీ పెట్టుకుంటాడు. చూడడానికి కాదు, ఇంట్లో ఒక గొంతు వినిపించాలని. తను ఒంటరివాడినని ఆయన ఏనాడూ అనుకోలేదు. బయట నుంచి చూసేవాళ్లకు తెలుస్తూనే ఉంది.

ఒక శనివారం బార్ అసోసియేషన్ హాలు బయట నోటీసు అంటించారు. న్యాయవాదులకు ఒకరోజు శిక్షణ. పొద్దున పక్షపాతం గురించి, తర్వాత మానసిక ఆరోగ్యం, భోజనాలయ్యాక వృత్తిలో మర్యాద.

"సూశారేటండీ?" అన్నాడు హరిబాబు నవ్వుతూ. అతను సివిల్ కేసుల వకీలు, నోటికి తాళం వేసుకోని మనిషి. "ఈ వయసులో మనకి మర్యాద నేర్పుతారట. పోన్లెండి, బోజనాలున్నాయట. ఎల్దాం."

మురళీమోహన్ సరేనన్నాడు. శనివారాలు ఆయనకు గడవవు. ఎవరైనా ఎక్కడికైనా రమ్మంటే చాలు.

పాఠం చెప్పడానికి హైదరాబాదు నుంచి శైలజ అనే అమ్మాయి వచ్చింది. ముప్పై అయిదేళ్లుంటాయేమో. తల నెరిసిన వకీళ్లు నూరుమంది ఎదురుగా కాళ్లు చాపుకుని కూర్చున్నా తడబడలేదు. "మూడు గొంతులు వినిపిస్తాను. ముగ్గురూ ఒకే ఆటో ప్రమాదం చూసిన సాక్షులు. ఎవర్ని ఎంత నమ్ముతారో పదికి మార్కులు వేయండి" అంది.

మొదటి గొంతు వార్తలు చదివే అమ్మాయిలా ఉంది. మురళీమోహన్ ఎనిమిది వేశాడు. రెండోది గోదావరి వైపు యాస. ఏడు వేశాడు. మూడోది మొదలైంది. "నానటేపు నుంచొస్తన్నానండి. ఆటో ఇటేపు నుంచొచ్చీసినాది. ఆడు బ్రేకు ఎయ్యనేదు..."

ఆయన కలం ఆలోచించకుండానే మూడు వేసింది.

శైలజ కంప్యూటర్ మూసి చెప్పింది. "మూడు గొంతులూ ఒకే అమ్మాయివి. మూడుసార్లూ ఒకే విషయం చెప్పింది, ఒక్క వివరం తేడా లేదు. ఎవరికి తక్కువ వేశారో నాకు చూపించక్కర్లేదు. మీకు తెలిస్తే చాలు."

హాలంతా గొల్లుమంది. "నాను రెండే ఏశాను! మా ఆవిడకి తెలిస్తే ఈ పూట కూడు పెట్టదు" అన్నాడు హరిబాబు. అందరూ మళ్లీ నవ్వారు. మురళీమోహన్ నవ్వలేదు. ఆ మూడో గొంతు అచ్చం వాళ్లమ్మలా ఉంది. తను పదికి మూడు వేసింది అమ్మకి.

అక్కడితో ఆగినా బాగుండేది. కానీ అమ్మ గొంతు వెనకే ఇంకో ముసలావిడ గొంతు వచ్చి కూర్చుంది.

పద్నాలుగేళ్ల కిందటి మాట. ఏ కోర్టో, ఏ జడ్జో ఎందుకులెండి. ఒక మొగుడూ పెళ్లామూ విడిపోయి అయిదేళ్ల ఆడపిల్ల కోసం కొట్లాడుకుంటున్నారు. మొగుడి తరఫున మురళీమోహన్. పెళ్లాం తరఫున ఎర్రన్న. ఎర్రన్న ఎవరో కాదు, మురళీమోహన్ పక్క ఊరివాడు. విశాఖపట్నంలో లా చదివేటప్పుడు హాస్టల్లో ఒకే గదిలో ఉన్నారు. ఒకే దుప్పటి కప్పుకున్న చలికాలాలున్నాయి. వీధిలో ఒరే అంటే ఒరే అనుకునేవాళ్లు, కోర్టులో మాత్రం లెర్నెడ్ ఫ్రెండ్ అని దండాలు పెట్టుకుని, బయటికొచ్చి టీ కొట్టు దగ్గర పగలబడి నవ్వుకునేవాళ్లు. తేడా ఒక్కటే. మురళీమోహన్ యాస వదిలించుకున్నాడు, ఎర్రన్న వదిలించుకోలేదు.

ఆ రోజు బోనులో ఉన్నది లక్ష్మణమ్మ, పిల్ల అమ్మమ్మ. జీవితంలో కోర్టు మెట్లెక్కడం అదే మొదలు. కూతురు జీడిపప్పు ఫ్యాక్టరీలో పని చేస్తుంది, పిల్లను ఎవరు చూస్తారని అడిగితే ఉన్నదున్నట్టు చెప్పింది. "పొద్దున్నే గుంటని నాకాడ ఒగ్గీసి ఎల్లిపోయీది బాబూ."

జడ్జి గారిది కృష్ణకు అవతలి ఊరు, బదిలీ మీద వచ్చి నెల కాలేదు. గుంట అంటే ఆడపిల్ల అని అప్పటికి నేర్చుకున్నారు. 'ఒగ్గీసి' దగ్గర ఆగారు. మురళీమోహన్ ఆ సందులో దూరాడు.

"అంటే పిల్లను వదిలేసి వెళ్లిపోయేది. అంతేనా?"

"ఔ బాబూ, ఒగ్గీసే ఎల్లిపోయీది" అంది లక్ష్మణమ్మ, పెద్దమనిషికి తన మాట అర్థమైందన్న సంబరంతో.

తల్లి పిల్లను వదిలేసి వెళ్లిపోయేదని వాంగ్మూలంలో టైపయింది. ఎర్రన్న లేచి చేతులు జోడించాడు. "అయ్యా, మా వైపు ఒగ్గీడమంటే వదిలించుకోవడం కాదు. మనిషి మీద నమ్మకంతో అప్పజెప్పి ఎల్లడం. మల్లీ వస్తాది, తీసుకెల్తాది. కావాలంటే నా లెర్నెడ్ ఫ్రెండ్‌ని అడగండి, ఆయనదీ మా వైపే."

జడ్జి గారు మురళీమోహన్ వైపు చూశారు. ఆయన కోటు బొత్తాం సవరించుకున్నాడు. "నా లెర్నెడ్ ఫ్రెండ్ కోర్టుకు కొత్త తెలుగు నేర్పుతున్నారు. ఆ మాట నేనెప్పుడూ వినలేదు" అన్నాడు.

కోర్టు హాలు నవ్వింది. ఎర్రన్న మొహం ఎర్రబడి, తర్వాత తెల్లబడింది. జోడించిన చేతులు దించి కూర్చున్నాడు. పిల్ల తండ్రికి పోయింది. పైకోర్టుకు వెళ్లే ఓపిక ఆ ఇంట్లో ఎవరికీ లేదు. ఎర్రన్న నెల తిరక్కుండా టెక్కలి వెళ్లిపోయి అక్కడ ప్రాక్టీసు పెట్టుకున్నాడు. టీ కొట్టు దగ్గర కూడా ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది.

ఆ మాట ఆయన వినలేదా? ఊపిరి తీసుకోవడం నేర్చినప్పటి నుంచీ విన్నాడు. వాళ్లమ్మ ఊడ్పులకు వెళ్తూ రోజూ చెప్పేది అదే. "నిన్ను మామ్మ కాడ ఒగ్గీసి ఎల్తన్నాను, అల్లరి సెయ్యకు." సాయంత్రం బురద కాళ్లతో వచ్చి ఎత్తుకునేది.

హాల్లో రెండో పాఠం మొదలైంది. వకీళ్లకు నిద్ర పట్టదని, బీపీలు వస్తాయని, మందుకు అలవాటు పడతారని, లోపలి మాట చెప్పుకోవడానికి మనిషి ఉండాలని శైలజ చెప్పింది. అందరికీ ఒక కాగితం పంచింది. 'మీకు కష్టం వస్తే వెంటనే ఫోన్ చేయగలిగిన ముగ్గురి పేర్లు రాయండి.'

హరిబాబు గబగబా రాసేశాడు. బావమరిది, తమ్ముడు, ఎల్‌ఐసీ ఏజెంటు. మురళీమోహన్ కలం మూత తీశాడు. నూరు కేసుల సాక్షుల పేర్లు గుర్తున్నాయి ఆయనకు. ముగ్గురు మనుషుల పేర్లు రాలేదు. చివరికి ఎర్రన్న అని రాశాడు. రాయగానే చెవులు వేడెక్కాయి. పద్నాలుగేళ్లుగా పలకరించని మనిషి పేరు ఏ మొహంతో రాశావురా అని తనను తనే అడిగాడు. ఆ మనిషి నిజంగా ఫోను ఎత్తుతాడో లేదో తేల్చుకోవాలనిపించింది. ఎత్తకపోతే ఆ కాగితం అబద్ధం, దానికి ముందు కోర్టులో ఆడిన అబద్ధం ఎలాగూ ఉంది.

భోజనాల దగ్గర అందరూ పులిహోర కోసం వరస కట్టారు. ఆయన హాలు వెనక సైకిల్ స్టాండులోకి వెళ్లాడు. నంబరు ఫోనులోనే ఉంది. ప్రతి ఉగాదికీ తీసి చూసి లోపల పెట్టేస్తుంటాడు. ఈసారి నొక్కాడు.

"ఎవులు?" అంది అవతలి గొంతు. ముసలిదయింది గానీ అదే గొంతు.

"నమస్కారమండీ. నేను అడ్వకేట్ మురళీమోహన్‌ను మాట్లాడుతున్నాను."

"ఏ మురళీమోహనండీ?"

గొంతు గుర్తుపట్టలేదో, పట్టీ అడిగాడో తెలియదు. మురళీమోహన్ చుట్టూ చూశాడు. ఎవరూ లేరు. అయినా గొంతు తగ్గించాడు. "నానురా ఎర్రన్నా. మురలీని."

అవతల మగ్గు కింద పెట్టిన చప్పుడు వినిపించింది.

"ఏటి?" అన్నాడు ఎర్రన్న.

"ఏటీ నేదు. నీకు సెప్పాలని... ఆ రోజు నాను అలా అనకూడదురా. తప్పైపోనాది."

"నన్ను అన్నందుకా?"

"ఔను."

"నన్నంటే ఏటయిపోనాది? నవ్వీసినారు, ఎల్లిపోనారు. ఆ గుంట పేరు గుర్తుందేటి నీకు?"

మురళీమోహన్ వెతికాడు. కేసు నంబరు గుర్తుంది. జడ్జి గారి కళ్లజోడు గుర్తుంది. పేరు రాలేదు.

"తాయారు" అన్నాడు ఎర్రన్న. "ఆల్ల నాన్న చెన్నై తీసుకెల్లిపోనాడు. తల్లి మల్లీ సూడనేదు. లక్ష్మణమ్మ ఉన్నన్నాల్లూ నా ఇంటికొచ్చి అడిగీది. నానేటి తప్పు సెప్పినాను బాబూ, నా మాట వల్లే గుంట ఎల్లిపోనాదా అని. దానికి ఏటి సెప్పమంటావు నన్ను? సచ్చిపోయీ వరకూ తన నోరే తప్పనుకున్నాది ముసల్ది."

మురళీమోహన్ ఫోను రెండో చెవికి మార్చుకున్నాడు.

"ఆ తల్లి పిల్లని ఒగ్గీనేదురా" అన్నాడు ఎర్రన్న. గొంతులో కోపం లేదు, అలసట ఉంది. "ఒగ్గీసింది నువ్వు. ఉంటాను." ఫోను పెట్టేశాడు.

మధ్యాహ్నం మర్యాద పాఠం. అవతలి వకీలును ఎగతాళి చేయకూడదని, సాక్షిని అవమానించకూడదని, గెలవడానికీ మనిషిని పడగొట్టడానికీ తేడా ఉందని శైలజ చెప్పుకుపోతోంది. సగం హాలు పులిహోర మత్తులో తూగుతోంది. మురళీమోహన్ తన కాగితం ముందుకు లాక్కుని ఎర్రన్న పేరు మీద ఒక గీత గీశాడు.

నాలుగింటికి శైలజ వరసల మధ్య తిరుగుతూ కాగితాలు తీసుకుంది. ఆయన దగ్గరకొచ్చి ఆగింది. ఒకే ఒక పేరు, దాని మీద గీత. పాపం, ఆ పిల్ల మంచిది, గొంతు తగ్గించే అడిగింది. "పేరు రాసి కొట్టేశారేంటి సార్?"

మురళీమోహన్ లేచి నిలబడ్డాడు. అలవాటు కొద్దీ చెయ్యి కోటు బొత్తాం మీదికి పోయింది, మళ్లీ కిందికి దిగింది. ఆయన లేస్తే హాలు నిశ్శబ్దమవడం మామూలే. తూగేవాళ్లు కూడా కళ్లు తెరిచారు.

"ఆణ్ణి ఒగ్గీసినానమ్మా" అన్నాడు.

హరిబాబు నోరు తెరిచి ఆయన వైపు చూశాడు. ముప్పై రెండేళ్లలో ఆ నోట ఆ యాస ఎవరూ వినలేదు.

"ఒగ్గీసినాను అంటే ఏంటి సార్?" అంది శైలజ అమాయకంగా. "ఆ మాట నేనెప్పుడూ వినలేదు."

సరిగ్గా అవే ముక్కలు. కాకపోతే ఆ పిల్ల నిజంగానే వినలేదు. నూరుమంది వకీళ్ల ముందు, పద్నాలుగేళ్లు ఆలస్యంగా, ఆయన అర్థం చెప్పాడు.

"దానికి రెండర్థాలున్నాయమ్మా. తల్లి పనికెల్తూ గుంటని అమ్మమ్మ కాడ ఒగ్గీసి ఎల్తాది. సాయంత్రమొచ్చి ఎత్తుకుంటాది. అదొకటి. లక్ష్మణమ్మ కోర్టులో సెప్పింది అదే, ఆ యమ్మ తప్పు సెప్పనేదు." ఎవరీ లక్ష్మణమ్మ అని హాల్లో ఎవరూ అడగలేదు.

"రెండోది నాను సేసింది."