నలుగురు చూసిన చింతపండు మిషన్

పేటెంట్ అంటే ఏందో బేగంబజార్‌ల ఒక్కడు గూడ నాకు ముందుగాల చెప్పలే. అంతా అయిపోయినంక మాత్రం అందరు చెప్పిండ్రు. ఆ ముఖాలు ఒక్కటీ మరువలే.

డెబ్బైల్ల మాట. నేను సర్కారీ ఫ్యాక్టరీల ఫిట్టర్‌ను, హైదరాబాద్ పాతబస్తీ హుస్సేనీ ఆలంల ఇల్లు. నా భార్య బేగంబజార్ సేటు దుకాణం నుంచి చింతపండు తెచ్చి, కూలికి గింజలు కొట్టి తీసి, తిరిగి ఇచ్చేది. పగిలిన వేళ్ళకు పులుపు తగిలి అన్నం గూడ కలుపుకోలేకపోయేది. ఆమె కోసం చేతితో తిప్పే మిషన్ చేసిన. రెండు రోలర్ల నడుమ రబ్బరు పట్టీ; గుజ్జు ఒకదిక్కు, గింజ ఒకదిక్కు పడేది. ఆ పట్టీనే అసలు కిటుకు.

మా పనోళ్ళల్ల ఒక రివాజు ఉండె. కొత్త పనిముట్టు చేస్తే దసరా నాడు బొట్టు పెట్టి, నలుగురి ముందర తిప్పి చూపాలె. నలుగురు చూసిండ్రంటే అది నీదే, ఇంక ఎవ్వడు కాదనడు. నేను సేటు దుకాణం ముందరనే పూజ చేసిన. హమాలీలు, పక్క దుకాణాలోళ్ళు, బార్కస్ దిక్కు మిషన్లు చేసే మిస్త్రీ ఒకడు, అందరు గుమిగూడిండ్రు.

"లోపల దయ్యాన్ని గిట్ల కూసోబెట్టినవా భాయ్? తెరిచి చూపియ్," అన్నడు సేటు.

మూత ఇప్పిన. పట్టీ చూపిచ్చిన.

ఎండాకాలంల ఫ్యాక్టరీ దోస్తు పేటెంట్ సంగతి చెప్పిండు. అది ఉంటే కొన్నేండ్లదాక మన ఇజాజత్ లేకుండ ఇంకొకడు ఆ మిషన్ చేసి అమ్మరాదట. సెలవు పెట్టి మద్రాసు పేటెంట్ ఆఫీసుకు పోయి పాత పేటెంట్ల కాగితాలు వెదికిన. వస్తువు పేరుతోని వెదికితే దొరకదు, అది చేసే పనిని బట్టి వెదకాలె. చింతపండు అని ఎక్కడ లేదు. గింజ తీసేటివి, పొట్టు ఒలిచేటివి, కండ్లు మండేదాక తిరగేసిన. నా పట్టీ అసుంటిది ఎవ్వడు చెయ్యలే. స్టేషన్‌ల చాయ్ తాగుకుంట ఒక్కన్నే ఏడ్చిన, సంతోషంతోని.

హైదరాబాద్ వచ్చి, పేటెంట్ దరఖాస్తులు రాసే ఏజెంటు దగ్గరికి పోయిన.

"దీన్ని ఎవరన్న చూసిండ్రా?" అని అడిగిండు.

"ఎవరన్న ఏంది సార్, బజారు బజారే చూసింది. ఎందరు సాక్షులు కావాలె?"

ఆయన కలానికి మూత పెట్టి నవ్విండు. "అయిపాయె. దరఖాస్తు పడకముందే నలుగురికి తెలిసినదాన్ని కొత్తది అనరు. పేటెంట్ కొత్తదానికే. ముందే తొలి దరఖాస్తు వేస్తే ఆ తారీఖు నీదయ్యేది, పూర్తి వివరం ఏడాది లోపల ఇచ్చేటోనివి. ఇగ ఎవ్వరు చూడని మార్పు ఏదన్న చేస్తే, దానికి మట్టుకు వెయ్యొచ్చు."

అక్కడినుంచి సీదా సేటు దగ్గరికి పోయిన. దుకాణం ముందర నా మిషన్లు వరుసగ ఉన్నయి, ఆ బార్కస్ మిస్త్రీతోని చేయించిండట. కూసోమని గూడ అనలే.

"ఇది నాదని తెల్వదా సేట్?"

"తెల్వకేంది, నీదే. అరే," అని హమాలీని పిలిచిండు, "ఈ మిషన్ ఎవరిది?"

"ఈ అన్నదే సేట్! కొబ్బరికాయ నేనే కొట్టిన గద!"

ఆడనే ఉన్న మిస్త్రీ గూడ తల ఊపిండు. ఒక్కడన్న అబద్ధమాడితే కొట్లాడుదును. అందరు నిజమే చెప్పిండ్రు. ఆ నిజంతోనే నా పేటెంట్ పాయె.

"మంది ముందర పెట్టినవ్, మంది చేసుకుంటుండ్రు. లొల్లి ఏంది భాయ్?" అన్నడు సేటు.

ఇంటికొచ్చి మిషన్ ఊడదీసిన. ఎవ్వరు చూడని మార్పు కోసం నెలల తరబడి బిగించిన, ఇప్పిన. ఆ పట్టీ కన్న మంచిది నా బుర్రల పుట్టలే.

ఒకనాడు నా భార్య ఖాళీ గంప పట్టుకొని వచ్చింది.

"ఇంక చింతపండు ఇయ్యడట. 'మీ ఆయన మిషన్లున్నయి గద, నువ్వెందుకు' అన్నడు."

మళ్ళ ఆమెనే, "మన మిషనన్న సక్కగ బిగియ్. ఏ దుకాణపోడన్న కొంటడేమో అడుగుత," అన్నది.

బిగించి ఇచ్చిన. ఒక్కడు కొనలే. సేటు దగ్గర అగ్గువకు దొరుకుతుంది గద అన్నరట.