తాడు రెండో కొస

నా చిన్నప్పుడు ఒక మధ్యాహ్నమంతా మా బాబాయి రేడియో టవర్‌ని పడిపోకుండా నిలబెట్టింది నేనొక్కణ్ణే అనుకున్నాను. అనుకోవడమే కాదు, మర్నాడు బళ్లో చెప్పుకోవడానికి మాటలు కూడా పొందిగ్గా పేర్చుకున్నాను. ఎనిమిదేళ్లవాడికి ఆ మాత్రం వెర్రి ఉంటుందిలెండి. నాది మరికాస్త ఎక్కువ కాలం మన్నింది.

భీమవరం దగ్గర మా ఊళ్లో బాబాయి ఒక్కడే హామ్. అంటే, ప్రభుత్వం దగ్గర లైసెన్సు పుచ్చుకుని, ఇంట్లో పెట్టుకున్న వైర్‌లెస్ సెట్టుతో ఎక్కడెక్కడి మనుషులతోనో సరదాకి మాట్లాడేవాడు. సరుగుడు గెడకు కట్టిన తీగతో దూరపు గొంతులు అందడం లేదని, పెరట్లో ఇనప గొట్టాల టవర్ ఎత్తాలనుకున్నాడు. ఎత్తిన రోజున పట్టుబడే మొదటి గొంతు నాకే వినిపిస్తానని, హెడ్‌ఫోన్స్ ముందు నా చెవులకే పెడతానని మాటిచ్చాడు. నెల రోజులు ఆ మాట మీదే బతికాను. హామ్‌కి దీర్ఘమిస్తే హామీ. ఆ దీర్ఘం ఎంత పొడుగో అప్పటికి తెలియదు.

ఆ రోజు నలుగురు మనుషులు గొట్టం లేపుతుంటే నేను వాళ్ల కాళ్లకు అడ్డం పడుతున్నాను. బాబాయి నన్ను వీధివైపు తీసుకొచ్చి, పెంకుల కప్పు మీంచి దిగిన కొబ్బరితాడు కొస నా చేతిలో పెట్టాడు.

“ఒరేయ్, ఇది నీ పూచీ. నేను చెప్పేదాకా వదలకు. వదిలావంటే టవరు పడిపోద్ది.”

పట్టుకున్నాను. ముక్కు మీద ఈగ వాలినా తోలుకోలేదు. కాసేపటికి కప్పు వెనక టవర్ మెల్లగా లేచి నిటారుగా నిలబడింది. నా బలానికి నేనే మురిసిపోయాను. తర్వాత అందరూ లోపలికి వెళ్లారు. గదిలోంచి గరగరలు, ఈలలు, వాటి మధ్యన ఏదో దూరదేశపు గొంతు, ఆ వెంటనే చప్పట్లు. ముందు హెడ్‌ఫోన్స్ పెట్టుకుని విన్నది పక్కింటి మేష్టారట, ఆ తర్వాతే స్పీకర్లో పెట్టారట. వదలమని చెప్పేవాడు రాలేదు. నేను వదల్లేదు.

ఎండ వాలాక, దండెం మీది బట్టలు తీయడానికి వచ్చిన పిన్ని నన్ను చూసింది.

“ఏంట్రా నాయనా, ఇంకా అది పట్టుకునే ఉన్నావా? దాని రెండో కొస అవతల మునగచెట్టుకుందిరా.”

నవ్వబోయి, బొబ్బలెక్కిన నా అరచేతులు చూసి ఆగిపోయింది.

పొగిడి పని చేయించుకోవడాన్ని మునగచెట్టెక్కించడం అంటారు. నన్ను ఎక్కించే శ్రమ కూడా పడలేదు, దానికి కట్టేశారంతే.

గొట్టం కింద ఎక్కడ నలిగిపోతానోనని అలా చేశానని బాబాయి తర్వాత చెప్పాడు. అది నిజమే, ఒప్పుకుంటాను. కానీ టవర్ నిలబడ్డాక నన్నెందుకు మర్చిపోయాడో ఆయన చెప్పలేదు, నేనూ అడగలేదు.

పెద్దయ్యాక ఉద్యోగంలో “మీరు లేకపోతే సెక్షన్ పడిపోతుందండి” అని ఆఫీసర్లు నా సెలవులు ఆపినప్పుడల్లా అరచేతులు దురద పెట్టేవి. తెలిసీ పట్టుకున్నాను. రిటైరై ఏడేళ్లు, సెక్షన్ నిక్షేపంలా ఉంది. ఏటా తుఫాన్లకు ముందు బాబాయి టవర్‌ని నాలుగువైపులా పట్టి ఉంచే తీగలు బిగించి, గ్రీజు పూయడానికి వెళ్లేదీ నేనే. ప్రతి తీగ దగ్గరా, ముట్టుకునే ముందు, దాని రెండో కొస దేనికుందో చూసి వచ్చేవాణ్ణి.

ఉప్పుగాలికి తుప్పుపట్టిన ఆ టవర్‌ని నిరుడు దింపించాం. ఎనభై దాటిన బాబాయి, చేతికర్రతో సరిగ్గా దాని కిందికే దూరుతున్నాడు. వీధివైపు తీసుకొచ్చి, నీడలో కుర్చీ వేసి కూర్చోబెట్టాను. నాకు ఆ రోజు కుర్చీ కూడా లేదు. పెంకుల కప్పు పోయి వచ్చిన డాబా మీంచి దిగిన నైలాన్ తాడు ఆయన చేతిలో పెట్టాను.

“ఇది మీరే పట్టుకోవాలండి బాబాయ్‌గారు. మీరు వదిలారంటే పడిపోద్ది.”

మునగచెట్టు ఎప్పుడో పోయింది. రెండో కొస పెరట్లో మోటారు గొట్టానికి కట్టాను.

టవర్ దిగింది, ముక్కలై ట్రాక్టర్ ఎక్కింది. నేను అరుగు మీద కూర్చుని కాఫీ తాగుతున్నాను. ఆ ట్రాక్టర్ తన ముందు నుంచే వెళ్లిపోవడం బాబాయి చూశాడు. చేతిలో తాడు చూసుకున్నాడు. డాబా వైపు చూశాడు. ఆ తర్వాత నన్ను చూశాడు.

“ఒరేయ్, ఇక వదిలెయ్యనా?”

“ఇంకాసేపండి బాబాయ్‌గారు” అన్నాను.

ఆయన వదల్లేదు.