సూదిగీత

మొన్న మా వీధిలో కళాయి పూసే సాయిబు కొలిమి పెట్టాడు. కళాయికి వాడే నవాసారం పొగ గుప్పున ముక్కుకు తగిలింది. మా అత్తగారు గంగమ్మ పులుసు పారబోసిన మధ్యాహ్నం కళ్ళ ముందుకొచ్చింది.

అది మైసూరు మహారాజుల కాలం. హొసకోటలో మాది మెట్ట సేద్యం. నేను కొత్త కోడలిని. ఇత్తడి గిన్నె లోపల పూసిన తగరపు కళాయి ఎంత మందాన మిగిలిందో అత్తగారు సూదితో చూసేది. మెల్లగా ఒక గీత గీసేది. గీత తెల్లగా ఉంటే గిన్నె పొయ్యి మీదికి, కింది ఇత్తడి పచ్చగా మెరిస్తే సాయిబు దగ్గరికి. "కళాయి లేనిదాంట్లో పులుపు వండితే విషమవుతాది. సూడకుండా వండొద్దు మ్మే" అనేది. ఏం చాదస్తమో అని లోలోపల నవ్వుకునేదాన్ని.

ఆడబిడ్డ లక్ష్మి పెళ్ళికి బలసముద్రం నుంచి మగపెళ్ళివారు ముందురోజే దిగారు. మధ్యాహ్నం పంక్తిలో అన్నం వడ్డించాం. పెద్ద ఇత్తడి గుండిగలోని చింతపండు పులుసును వడ్డించే ముందు రుచి చూసిన అత్తగారికి చిలుము రుచి తగిలింది. పులుసుకు పైన, గుండిగ లోపలి అంచున సూదితో గీసింది. పచ్చటి గీత! మరుక్షణం గుండిగను రెండు చేతులా వంచేసింది. పులుసంతా వాకిట్లో పారింది.

వియ్యంకుడు విస్తరి ముందు నుంచి లేచాడు. "ఏందమ్మా ఇది! శుభకార్యంలో వంట నేలపాలు చేస్తివే?"

కుక్క ముట్టిందని ఒక్క మాట అంటే సరిపోయేది. ఆవిడ అనలేదు.

"కళాయి పోయిందన్నా. పెండ్లికి మెరవాలని లోపల గూడా ఇటికపొడితో నేనే తోమినా. సూది పెట్టి సూసేది మరిసినా."

"అపశకునం. ఈ సంబంధం మాకొద్దు."

"పోతే పోండన్నా. పానాలతో పోతాండారు, అంతే సాలు."

నిజంగానే బండ్లు కట్టుకుని వెళ్ళిపోయారు. అత్తగారు అప్పుడు కూతురి ముందు కూలబడి ఏడ్చింది. "నీ పెండ్లి నా సేతులారా సెడగొట్టినానే!"

లక్ష్మి వంగి తల్లి కళ్ళు తుడిచింది. "ఎవురికీ ఏమీ కాలేదు గదమ్మా. లే, అన్నం తిందాం."

నలుగురిలో నా పొరపాటు నేనే చెప్పుకోవాల్సి వస్తే ఇప్పటికీ ఏదో ఒక అబద్ధం నాలుక చివరికి వస్తుంది. ఏదో ఒక అబద్ధం నాలుక చివరికి వస్తుంది. అప్పుడు అంతమంది మధ్య "నేనే తోమినా" అన్న ఆవిడ గొంతు వినిపిస్తుంది. అబద్ధం మింగేసి, ఉన్నది చెప్పేస్తాను.